'ఈ' ఒక్కటే, ఇంగ్లీషులో రెండు: దిస్, దట్, దీజ్, దోజ్ నేర్పడం ఎలా

ఇంగ్లీషు మొదటి పాఠం అనగానే అందరికీ గుర్తొచ్చే వాక్యం 'దిస్ ఈజ్ ఎ పెన్'. అందుకే ఇది అన్నిటికన్నా తేలికైన పాఠమని అనుకుంటాం. నల్లబల్ల మీద నాలుగు గళ్ళు గీస్తాం. దిస్ అంటే ఇది, దట్ అంటే అది, దీజ్ అంటే ఇవి, దోజ్ అంటే అవి అని రాయిస్తాం. పదిసార్లు వల్లె వేయించి తర్వాతి పాఠానికి వెళ్ళిపోతాం. నేనూ చాలా ఏళ్ళు అలాగే చెప్పాను. ఆరో తరగతిలో ఆ నాలుగు మాటలూ తడుముకోకుండా అప్పజెప్పిన పిల్లలే తొమ్మిదికి వచ్చాక 'దిస్ బుక్స్ ఆర్ మైన్' అని రాస్తుంటే అప్పుడు అర్థమైంది. పిల్లలు పాఠం మర్చిపోలేదు. నేను రాయించిన పట్టికలోనే లోపం ఉంది.

ఆ లోపం ఏమిటో ముందు చూడండి. అది తెలిస్తే పాఠం ఎలా నడపాలో సగం తేలిపోతుంది.

తెలుగులో చూపించే మాటలు రెండు రకాలు. విడిగా నిలబడితే ఇది, అది, ఇవి, అవి. పేరు ముందు చేరితే ఈ, ఆ. 'ఇది పుస్తకం' అంటాం, 'ఈ పుస్తకం' అంటాం. విడిగా ఉన్నప్పుడు ఒకటా, చాలానా అన్న తేడా పాటిస్తాం. పేరు ముందు చేరినప్పుడు పాటించం. ఈ పుస్తకమైనా, ఈ పుస్తకాలైనా 'ఈ'లో మార్పు లేదు. ఇంగ్లీషులో ఈ రెండు రకాలకూ అవే నాలుగు మాటలు. కానీ ఎక్కడ వాడినా ఒకటికి ఒక మాట, చాలావాటికి ఇంకో మాట వాడి తీరాలి.

మన పట్టికలో ఇది, అది ఉన్నాయి. ఈ, ఆ లేవు. పిల్లవాడికి 'ఈ పుస్తకాలు' అని చెప్పాలనిపించినప్పుడు పట్టికలో వెతికితే 'ఈ' దొరకదు. 'ఈ' అంటే దగ్గరిది కాబట్టి 'దిస్' అని తనే అమర్చుకుంటాడు. తెలుగు తెలిసిన బుర్ర అలా అమర్చుకోవడమే సహజం. మనం దిద్దాల్సింది ఆ అమరికని. పిల్లవాడిని మందబుద్ధి అనుకుంటే ఎన్నేళ్ళు దిద్దినా దారికి రాదు.

దగ్గర, దూరం: పది నిమిషాలు చాలు

ఇంగ్లీషు వాళ్ళ కోసం రాసిన పుస్తకాల్లోనూ, ఇంటర్నెట్లో దొరికే పాఠాల్లోనూ ఎక్కువ శ్రమ దగ్గర, దూరం చెప్పడానికే పోతుంది. దగ్గరగా ఒక పిల్లి బొమ్మ, దూరంగా ఒక పిల్లి బొమ్మ, మధ్యలో బాణాలు. మన పిల్లలకు అంత అవసరం లేదు. ఆ తేడా వాళ్ళకు మాటలు వచ్చినప్పటి నుంచీ తెలుసు. తెలుగు మొత్తం దాని మీదే నడుస్తుంది: ఇక్కడ, అక్కడ, ఎక్కడ. ఇప్పుడు, అప్పుడు, ఎప్పుడు. ఇంత, అంత, ఎంత. మన వ్యాకరణంలో ఆ, ఈ, ఏ మూడింటినీ కలిపి త్రికం అంటారు. పెద్ద తరగతుల పిల్లలు త్రికసంధిలో అక్కాలం, ఇక్కాలం అని చదువుతారు కూడా.

దీన్నే పాఠానికి మొదటి మెట్టుగా వాడుకోండి. పిల్లల చేతే ఇలాంటి మాటలు చెప్పించి బల్ల మీద మూడు వరసల్లో రాయండి. తర్వాత 'అ' వరస పక్కన దట్, దేర్, దెన్ రాయండి. 'ఎ' వరస పక్కన వాట్, వేర్, వెన్ రాయండి. స్పెల్లింగు చూస్తే అది, అక్కడ, అప్పుడు మూడూ టీ, హెచ్‌తో మొదలవుతాయి. ఏది, ఎక్కడ, ఎప్పుడు మూడూ డబ్ల్యూ, హెచ్‌తో మొదలవుతాయి. 'ఇ' వరసకు మాత్రం అలాంటి పోలిక కుదరదు. దిస్, హియర్, నౌ వేటి దారి వాటిదే. ఆ సంగతి దాచకుండా చెప్పండి. మన భాషలో ఉన్న అమరికకు ఇంగ్లీషులోనూ కొంత జాడ ఉందని తెలిసినప్పుడు పిల్లల ముఖాలు ఎలా విప్పారతాయో మీరే చూస్తారు.

మీ పిల్లలు ఇంట్లో ఏ మాట వాడితే ఆ మాటతోనే మొదలుపెట్టండి. తెలంగాణ పల్లెల్లో గిది, గది అంటారు. ఉత్తరాంధ్రలో 'ఏటిది' అంటారు. 'ఇది అనాలి, గిది అనకూడదు' అని దిద్దుతూ కూర్చుంటే పిల్లలు తెలుగులోనే నోరు మూసుకుంటారు, ఇక ఇంగ్లీషు ఎక్కడ వస్తుంది?

తర్వాత వస్తువులు. సుద్దముక్క, డస్టరు, చీపురు, బకెట్టు, గోడ మీది గడియారం, కిటికీ బయటి వేపచెట్టు. ఒక్కటే నియమం పెట్టండి: ముట్టుకుంటే దిస్, వేలు చూపిస్తే దట్. ముట్టుకోకుండా 'దిస్' అన్నవాళ్ళు లేచి వెళ్ళి ముట్టుకుని రావాలి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, దీని వెనక పాత అలవాటొకటి ఉంది. టీచరు పెన్ను పైకెత్తి 'వాట్ ఈజ్ దిస్?' అంటే, చివరి బెంచీ నుంచి కూడా తరగతి మొత్తం ఒకే రాగంలో 'దిస్ ఈజ్ ఎ పెన్' అంటుంది. పెన్ను టీచరు చేతిలో ఉంది. చివరి బెంచీ వాళ్ళకు అది 'దట్'. మనం అడిగిన మాటనే తిప్పి అప్పజెప్పడంతో దిస్‌కు అర్థమే పోయి, అది ఒట్టి రాగమైపోతోంది. నా చేతిలో ఉన్నది నాకు ఇది, నీకు అది. తెలుగులో ఏ పిల్లా దీన్ని తప్పు చెప్పదు. ఇంగ్లీషులో కూడా అంతేనని ఒక్కసారి లేపి, ముట్టించి చూపిస్తే చాలు.

ముట్టుకోవాలనే నియమం నిచ్చెన మాత్రమే. 'దిస్ విలేజ్', 'దిస్ ఇయర్' అనడానికి ఏదీ ముట్టుకోనక్కర్లేదని మరో వారంలో చెప్పండి. పిల్లలు వెంటనే ఒప్పుకుంటారు, ఎందుకంటే మనం కూడా ఈ ఊరు, ఈ ఏడు అనే అంటాం.

వేలు దించాక 'ఇట్'

తెలుగులో 'ఇట్' అనే మాటకు వేరే పదం లేదు. 'అది'తోనే సరిపెట్టుకుంటాం. 'అది వేపచెట్టు. అది చాలా పాతది. అది మాకు నీడనిస్తుంది.' మనకు ఇందులో ఎబ్బెట్టు ఏమీ లేదు. దాన్నే ఇంగ్లీషులో 'దట్ ఈజ్ ఎ నీమ్ ట్రీ. దట్ ఈజ్ వెరీ ఓల్డ్. దట్ గివ్స్ అస్ షేడ్' అంటే, మాట మాటకీ వేలుపెట్టి చూపిస్తున్నట్టు ఉంటుంది.

నేను చెప్పే సూత్రం ఇది: వేలు ఒక్కసారే చూపిస్తాం. వేలు దించాక ఇట్. దీన్ని పిల్లల చేత నిజంగా వేలితోనే చేయించండి. ఒకరు కిటికీ దగ్గర నిలబడి వేలు చూపిస్తూ 'దట్ ఈజ్ ఎ నీమ్ ట్రీ' అనాలి. వేలు దించి 'ఇట్ ఈజ్ వెరీ ఓల్డ్' అనాలి. మూడో వాక్యం పక్కనున్నవాళ్ళు అందుకోవాలి. ఒక్కో వస్తువు గురించి మూడేసి వాక్యాలు. 'వాట్ ఈజ్ దట్?' అని అడిగితే 'ఇట్ ఈజ్ ఎ క్రో' అనడం కూడా దీంతోనే అలవాటైపోతుంది. అడిగినవాళ్ళు వేలు చూపించేశారు కదా, మళ్ళీ మనం చూపించక్కర్లేదు.

చాలా వస్తువులైతే 'దోజ్ ఆర్ బఫెలోస్. దే ఆర్ ఇన్ ద ట్యాంక్.' ఇక్కడ పిల్లలు 'దే' దగ్గర ఆగిపోతారు. కారణం మళ్ళీ మనం రాయించిన అర్థమే. 'దే అంటే వారు' అని నేర్పాం. గేదెల్ని, బెండకాయల్ని 'వారు' అనడానికి ఏ తెలుగు పిల్లకైనా నోరు రాదు. 'దే అంటే వాళ్ళు, అవి కూడా' అని మొదటి రోజే చెప్పాల్సింది.

చింతపిక్కలతో అసలు పాఠం

ఇక్కడ తొందరపడకండి. కనీసం నాలుగు పీరియడ్లు దీనికే ఇవ్వండి.

ఒక డబ్బా నిండా చింతపిక్కలు తెచ్చుకోండి. ప్రతి జంటకూ ఒక గుప్పెడు. ఒక పిక్క అరచేతిలో పెట్టుకుని 'దిస్ ఈజ్ ఎ సీడ్.' గుప్పెడు పెట్టుకుని 'దీజ్ ఆర్ సీడ్స్.' ఇప్పుడు బల్ల మీద ఈ రెండు వాక్యాలూ ఒకదాని కింద ఒకటి రాసి, ఎన్ని చోట్ల మార్పు వచ్చిందో పిల్లల్నే లెక్కపెట్టమనండి. నాలుగు చోట్ల. దిస్ పోయి దీజ్ వచ్చింది. ఈజ్ పోయి ఆర్ వచ్చింది. ఎ పోయింది. సీడ్‌కు చివర ఎస్ చేరింది. 'ఇది పిక్క, ఇవి పిక్కలు' అనే మన వాక్యంలో రెండే మార్పులు. మనకు మధ్యలో ఈజ్ లేదు, ముందు ఎ లేదు. రెండు చోట్ల మార్చే అలవాటున్న నోరు నాలుగు చోట్ల మార్చాలి. అందుకే 'దిస్ ఆర్ సీడ్స్', 'దీజ్ ఈజ్ ఎ సీడ్స్', 'దీజ్ సీడ్స్' అన్నీ వింటాం. కోపం తెచ్చుకోకుండా ఎన్ని చోట్ల మారిందో వేళ్ళ మీద లెక్కపెట్టించండి. ఒక వేలు మడవకుండా మిగిలిందంటే ఎక్కడ మర్చిపోయారో వాళ్ళకే తెలిసిపోతుంది.

మొదటి రెండు వారాలు 'ఎ' జారిపోయినా నేను చూసీ చూడనట్టు ఉంటాను. అన్నీ ఒకేసారి దిద్దితే ఏదీ నిలవదు. దిస్, దీజ్ కుదిరాక ఎ గురించి మాట్లాడవచ్చు.

దీని తర్వాత 'ఈ' దగ్గరికి రండి. తెలుగులో బల్ల మీద రాయండి: 'ఈ మామిడికాయ పుల్లగా ఉంది. ఈ మామిడికాయలు పుల్లగా ఉన్నాయి.' ఏది మారింది, ఏది మారలేదు అని అడగండి. 'ఈ' మారలేదని పిల్లలే చెప్తారు. చాలామంది ఆ సంగతి అప్పుడే మొదటిసారి గమనిస్తారు. 'తెలుగులో ఈ, ఆ ఎప్పుడూ మారవు. ఇంగ్లీషులో మారతాయి.' ఈ మాట వాళ్ళ నోటితోనే రావాలి. మీరు ముందే చెప్పేస్తే అదీ ఇంకో పట్టికే అవుతుంది.

అభ్యాసానికి వెనక నుంచి కట్టుకుంటూ రావడం బాగా పనిచేస్తుంది. 'ఈ' అనేటప్పుడు తర్వాత వచ్చే పేరు ఒకటా, చాలానా అని మనం ఆలోచించం, అవసరం లేదు. ఇంగ్లీషులో నోరు తెరవక ముందే అది తేల్చుకోవాలి. కాబట్టి ముందు పేరు చెప్పించండి: 'మ్యాంగోస్'. తర్వాత 'దీజ్ మ్యాంగోస్'. తర్వాత 'దీజ్ మ్యాంగోస్ ఆర్ సోర్'. మీరు 'పెన్సిల్' అంటే పిల్లలు 'దిస్ పెన్సిల్'. 'పెన్సిల్స్' అంటే 'దీజ్ పెన్సిల్స్'. 'కౌస్' అని కిటికీ బయటికి వేలు చూపిస్తే 'దోజ్ కౌస్'. 'చిల్డ్రన్' అనండి. చివర ఎస్ లేదు కాబట్టి కొందరు 'దిస్ చిల్డ్రన్' అంటారు. అక్కడ ఆగి, ఎస్ లేకుండానే చాలామంది అనే మాటలు ఇంగ్లీషులో కొన్ని ఉన్నాయని చెప్పండి: చిల్డ్రన్, మెన్, విమెన్, పీపుల్. మనకు 'జనం' ఏకవచనంలా వినిపిస్తుంది కాబట్టి 'దిస్ పీపుల్' అనే తప్పు డిగ్రీ పిల్లల్లో కూడా పోదు.

ప్రభుత్వ బడిలో చెప్పేవాళ్ళకు ఒక మంచి సాధనం చేతిలోనే ఉంది. తెలంగాణలో 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు ఇంగ్లీషు మీడియం మొదలైంది. రెండు రాష్ట్రాల్లోనూ లెక్కలు, సైన్సు వంటి పుస్తకాలు చాలా తరగతులకు ఒక పేజీ తెలుగులో, ఎదుటి పేజీ ఇంగ్లీషులో వస్తున్నాయి. లెక్కల పుస్తకం తెరిపించండి. తెలుగు పేజీలో 'ఈ', 'ఆ' ఎక్కడ కనిపిస్తే అక్కడ పెన్సిలుతో సున్నా చుట్టమనండి. ఎదుటి పేజీలో దానికి బదులు ఏ మాట ఉందో వెతకమనండి. 'ఈ సంఖ్యలు' ఎదురుగా 'దీజ్ నంబర్స్', 'ఈ కోణం' ఎదురుగా 'దిస్ యాంగిల్' వాళ్ళ కళ్ళతో వాళ్ళే పట్టుకుంటారు. కొన్నిచోట్ల ఎదురుగా 'ద' మాత్రమే ఉంటుంది. అదీ మంచిదే, 'ఈ' అన్న ప్రతిచోటా దిస్ వేయక్కర్లేదని తెలుస్తుంది. ఇరవై నిమిషాల పని. నా అనుభవంలో ఏ వ్యాకరణ సూత్రం కన్నా ఎక్కువ కాలం గుర్తున్నది ఇదే.

పలకడం గురించి రెండు మాటలు. దిస్, దీజ్ మధ్య తేడా హ్రస్వ, దీర్ఘాలది. అది తెలుగు నోటికి పుట్టుకతో వచ్చిన విద్య. చివర్లో జ్ బదులు స్ పలికినా దీర్ఘం సరిగా ఉంటే అర్థమైపోతుంది. 'దట్' నొక్కి చెప్పేటప్పుడు 'బ్యాంకు'లో పలికే అచ్చు పలకాలి. అంతకు మించి శ్రమ వద్దు.

ఇవి నీళ్ళు, ఇవి పాలు

మధ్యాహ్న భోజనం దగ్గర ఒకసారి పిల్లల చేత ఇంగ్లీషులో మాట్లాడించి చూడండి. 'దిస్ ఈజ్ రైస్', 'దిస్ ఈజ్ దాల్', 'దీజ్ ఆర్ ఎగ్స్' అన్నీ సరిగ్గా చెప్పిన అమ్మాయే గ్లాసు చూపించి 'దీజ్ ఆర్ వాటర్' అంటుంది. నిర్లక్ష్యంతో అన్న మాట కాదది. తెలుగులో నీళ్ళు బహువచనం. 'నీళ్ళు వచ్చాయి' అంటాం గానీ 'నీళ్ళు వచ్చింది' అనం. పాలు కూడా అంతే, విరిగిపోయాయి. డబ్బులు అయిపోయాయి. వార్తలు వస్తున్నాయి. ఈ నాలుగూ ఇంగ్లీషులో ఏకవచనాలు: దిస్ వాటర్, దిస్ మిల్క్, దిస్ మనీ, దిస్ న్యూస్. న్యూస్‌కు చివర ఎస్ ఉన్నా ఏకవచనమే.

తిరగబడేవీ ఉన్నాయి. కత్తెర మనకు ఒకటి, ఇంగ్లీషులో 'దీజ్ సిజర్స్'. ప్యాంటు ఒకటి, 'దీజ్ ట్రౌజర్స్'. కళ్ళజోడు ఒకటి, 'దీజ్ గ్లాసెస్'. కళ్ళజోడులో 'జోడు' ఉండనే ఉంది కదా, దాంతో మొదలుపెడితే మిగతావి తేలిక. కత్తెరకు రెండు అలుగులు, ప్యాంటుకు రెండు కాళ్ళు. రెండు భాగాలు కలిసి ఉన్న వస్తువును ఇంగ్లీషు బహువచనంగా చూస్తుంది.

ఈ ఏడు మాటలూ గోడ మీద రాసిపెట్టండి, పిల్లలు కొత్తవి కనిపెట్టినప్పుడల్లా చేరుస్తూ పోనివ్వండి. మా తరగతిలో ఒకబ్బాయి 'వెంట్రుకలు' తెచ్చాడు. తల మీది జుట్టంతా అయితే 'దిస్ హెయిర్', అన్నంలో రెండు వెంట్రుకలు వస్తే 'దీజ్ హెయిర్స్'. దాని మీద పీరియడ్ మొత్తం చర్చ జరిగింది. అలాంటి పీరియడ్ దొరికితే సిలబస్ పక్కన పెట్టేయండి.

మనుషుల విషయం

ఇది అన్నిటికన్నా సున్నితమైన మెట్టు. ఏ శిక్షణలోనూ నాకు దీని గురించి ఎవరూ చెప్పలేదు.

తల్లిదండ్రుల సమావేశం రోజున ఏడో తరగతి అమ్మాయి వాళ్ళ అమ్మను వెంటబెట్టుకుని వచ్చింది. కూలిపని నుంచి నేరుగా వచ్చినట్టుంది, కొంగుతో ముఖం తుడుచుకుంటోంది ఆవిడ. 'ఇంగ్లీషులో పరిచయం చెయ్యమ్మా' అన్నాను. 'షి ఈజ్ మై మదర్' అంది. 'దిస్ ఈజ్ మై మదర్ అనాలి' అని దిద్దాను. ఆ పిల్ల వాళ్ళమ్మ వైపు చూసింది, నా వైపు చూసింది, అనలేదు. మళ్ళీ అడిగాను. తల దించుకుని, 'అమ్మని ఇది అంటారా టీచర్?' అంది.

'దిస్ అంటే ఇది' అని ఆ పిల్ల చేత రాయించింది నేనే. తెలుగులో మనిషిని 'ఇది' అంటే మరీ చనువైనా అయి ఉండాలి, తిట్టయినా అయి ఉండాలి. వాళ్ళమ్మ ముందు ఆ మాట అననందుకు ఆ పిల్ల మీద నాకు గౌరవం పెరిగింది. మర్నాడు పాఠం మార్చుకున్నాను.

ఇప్పుడు ఇలా చెప్తాను. మనుషులకు తెలుగులో ఎన్ని మాటలున్నాయో ముందు పిల్లల చేతే చెప్పిస్తాను: వీడు, ఇతను, ఈయన, ఈమె, ఈవిడ, వీరు, వీళ్ళు. దగ్గరి మనిషికే ఇన్ని. దూరపు మనిషికి ఇంకో ఇన్ని. ఇంగ్లీషులో మనిషిని పరిచయం చేసేటప్పుడు వీటన్నిటికీ బదులు 'దిస్ ఈజ్' ఒక్కటే. అందులో మర్యాదా లేదు, అమర్యాదా లేదు. 'దిస్ ఈజ్ మై మదర్' అంటే తెలుగులో 'ఈవిడ మా అమ్మగారు'. 'ఇది మా అమ్మ' కాదు. బల్ల మీద కూడా అలాగే రాస్తాను. వస్తువైతే దిస్‌కు ఇది, మనిషైతే దిస్‌కు ఈయన, ఈవిడ.

తర్వాత హద్దు కూడా చెప్పాలి. ఈ వాడుక పరిచయానికీ, 'హూ ఈజ్ దట్?' వంటి ప్రశ్నలకీ పరిమితం. పరిచయం అయిపోగానే షి, హి అనాలి: 'దిస్ ఈజ్ మై మదర్. షి వర్క్స్ ఇన్ ద ఫీల్డ్స్.' వేలు దించాక ఇట్ అన్నాం కదా, మనిషి అయితే వేలు దించాక హి, షి. 'దిస్ కేమ్ యెస్టర్డే' అని మనిషిని అనకూడదు. 'దిస్ మ్యాన్', 'దిస్ లేడీ' అని పేరు చేర్చవచ్చు. ఇద్దరు ముగ్గురైతే 'దీజ్ ఆర్ మై పేరెంట్స్'.

దీనికి ఇంటి ఫొటోలు తెప్పించండి. పెళ్ళి ఫొటో అయితే మరీ మంచిది, బాబాయిలు, పిన్నులు, మేనత్తలు అందరూ ఒక్క చోట దొరుకుతారు. 'దిస్ ఈజ్ మై అంకుల్. హి లివ్స్ ఇన్ గుంటూర్. దీజ్ ఆర్ హిజ్ చిల్డ్రన్.' ఫొటో లేని పిల్లలు ఉంటారు. వాళ్ళ చేత బొమ్మ గీయించండి.

ఫోన్ మాట కూడా ఇక్కడే చెప్పేయండి. మనం 'నేను రవిని' అంటాం కాబట్టి పిల్లలు 'ఐ యామ్ రవి' అంటారు. ఫోన్‌లో 'దిస్ ఈజ్ రవి' అనడం ఇంగ్లీషు వాడుక. అరచేతిని ఫోన్‌లా చెవికి పెట్టుకుని ఒక్కొక్కరూ ఒకసారి అంటే సరిపోతుంది.

విదేశాల్లో మన పిల్లలకు తెలుగు నేర్పేవాళ్ళకు ఈ మెట్టు తలకిందులుగా ఎదురవుతుంది. అక్కడి పిల్లలు ఇంగ్లీషులో ఆలోచించి 'ఇది మా అమ్మమ్మ' అనేస్తారు. 'ఇది పుస్తకం బాగుంది' అని కూడా అంటారు, ఎందుకంటే వాళ్ళకు ఇది, ఈ రెండూ దిస్సే. తప్పు ఎక్కడ పుడుతోందో తెలిస్తే అటు నుంచి ఇటు కూడా దిద్దవచ్చు.

నేరుగా నోటికి ఇచ్చే మాటలు

కొన్నిటిని విడదీసి వివరించకుండా, ఉన్నదున్నట్టు ఇచ్చేయండి. అంతే: దట్స్ ఆల్. అందుకే: దట్స్ వై. పర్వాలేదు: దట్స్ ఓకే. ఈ రోజుల్లో: దీజ్ డేస్. ఆ రోజుల్లో: ఇన్ దోజ్ డేస్. ఈ చివరి రెండూ మన మాటలకు అచ్చంగా సరిపోతాయి. కానీ ఈ రోజు 'దిస్ డే' కాదు, టుడే. ఈ రాత్రి 'దిస్ నైట్' కాదు, టునైట్. 'ఇది నాది, ఇవి నావి' అనే మాటకొస్తే మనకు అక్కడా మార్పు ఉంది, ఇంగ్లీషులో 'మైన్' మారదు: 'దిస్ ఈజ్ మైన్, దీజ్ ఆర్ మైన్.' పిల్లలు 'మైన్స్' అంటారు, ఓపిగ్గా దిద్దండి.

'ఐ నో దట్ హి కేమ్' లాంటి వాక్యాల్లో వచ్చే దట్ వేరు. అక్కడ అది మన 'అని' చేసే పని చేస్తుంది. దాన్ని ఈ పాఠంలోకి తేవద్దు. ఎవరైనా అడిగితే 'అది ఇంకో దట్, తర్వాత చెప్తాను' అనండి, తర్వాత మర్చిపోకుండా చెప్పండి.

పెద్దవాళ్ళకు స్పోకెన్ ఇంగ్లీషు చెప్పేవాళ్ళు ఇవే మెట్లు వాడవచ్చు. చింతపిక్కలు తెస్తే వాళ్ళు చిన్నబుచ్చుకుంటారు. వాళ్ళ ఫోన్‌లోని ఫొటోలు చాలు. కొన్న చీరలు, కొత్త బండి, పిల్లల స్కూలు యూనిఫాం, పొలం, ఎవరి ఫోన్ వాళ్ళ చేతిలో పెట్టుకుని పక్కవాళ్ళకు చూపిస్తూ మాట్లాడాలి.

కూరగాయల అంగడి

వచ్చిందా లేదా తెలుసుకోవడానికి ఖాళీలు పూరించమని అడగకండి. ఖాళీలో పిల్లలు పక్క మాట చూసి ఊహించి రాసేస్తారు. అంగడి పెట్టండి.

నాలుగు బల్లలు, నలుగురు అమ్మేవాళ్ళు. ఇంటి నుంచి తెచ్చిన కూరగాయలు. లేకపోతే అట్టముక్కల మీద బొమ్మలు. ప్రతి కొట్టులో ఒకటే ఉన్న వస్తువు ఒకటి, కుప్పగా ఉన్నవి రెండు, లెక్కపెట్టలేనిది ఒకటి ఉండాలి: ఒక కాలీఫ్లవర్, వంకాయలు, టమాటాలు, పాల ప్యాకెట్టులోంచి గ్లాసులో పోసిన పాలు. కొనేవాళ్ళు అడగాలి: 'హౌ మచ్ ఈజ్ దట్ కాలీఫ్లవర్?', 'హౌ మచ్ ఆర్ దోజ్ బ్రింజాల్స్?', 'హౌ మచ్ ఈజ్ దట్ మిల్క్?' అమ్మేవాళ్ళు తమ ముందున్న వాటిని ముట్టుకుని జవాబివ్వాలి: 'దీజ్ ఆర్ ఫార్టీ రుపీస్ ఎ కిలో.' కొనేవాళ్ళకు దోజ్ అయినవే అమ్మేవాళ్ళకు దీజ్. మొదటి రోజు చివరి బెంచీలో పోయిన అర్థం ఇక్కడ తిరిగొస్తుంది. మనం 'ఈ వంకాయలెంత, ఈ కాలీఫ్లవర్ ఎంత' అని ఒక్క 'ఎంత'తో బేరం ముగించేస్తాం. ఇంగ్లీషులో అడిగేటప్పుడు దోజ్‌తో పాటు ఆర్ కూడా సర్దుకోవాలి.

మీరు మధ్యలో మాట్లాడకండి. ఒక మూల నిలబడి చిన్న పుస్తకంలో ఒక్కో పిల్ల పేరు ఎదుట 'ఈ' తప్పులు మాత్రమే గీతలుగా గీసుకోండి. మిగతా తప్పులు వదిలేయండి. వారం తర్వాత మళ్ళీ అంగడి పెట్టి, మళ్ళీ గీయండి.

రెండోసారి మీకు ఒకటి వినిపిస్తుంది. పిల్ల 'హౌ మచ్ ఈజ్ దిస్...' అని ఆగుతుంది. చేతిలోని టమాటాల వైపు చూస్తుంది. పెదవులు కదులుతాయి గానీ మాట రాదు. అప్పుడు అందించాలని మీకు నాలుక చివరిదాకా వస్తుంది. అందించకండి. మనసులో నాలుగు అంకెలు లెక్కపెట్టండి. అమ్మే పిల్లను కూడా అందించవద్దని కళ్ళతోనే చెప్పండి. 'హౌ మచ్ ఆర్ దీజ్ టొమాటోస్?' అని ఆ పిల్ల తనంతట తనే మార్చుకున్న రోజున ఆ పేరు ఎదుట గీత గీయకుండా తారీఖు వేసుకోండి.